బైక్ పార్క్ సీజన్‌కు ముందు కార్బన్ ఫ్రేమ్‌ని ఒకసారి తడిమి చూడండి

కెనడాలోని విస్లర్ బైక్ పార్క్‌ని (కొండ మీంచి మౌంటెన్ సైకిళ్ల మీద దిగే చోటు) మామూలుగా మే నెలలో తెరుస్తారు. సియాటిల్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లు అప్పటి నుంచే వీకెండ్ ప్లాన్లు మొదలుపెడతారు. చలికాలమంతా డూథీ హిల్ ట్రైళ్ల బురదలో తొక్కిన ఫుల్ సస్పెన్షన్ (ముందూ వెనకా కుంగే) బైక్‌ని కడిగి, చైన్‌కి ఆయిల్ వేసి, కారెక్కించేస్తే మాత్రం సరిపోదు. పార్క్‌లో బైక్‌తో సహా కొండెక్కించే లిఫ్ట్ ఉంటుంది, పైకి తొక్కే పని లేదు కాబట్టి రోజంతా దిగుడే. ఆ దెబ్బలన్నీ తినేది ఫ్రేమే.

కార్బన్ ఫైబర్ అంటే గాజులా పగిలిపోతుందని భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. అది నిజం కాదు. పదే పదే పడే ఒత్తిడిని తట్టుకోవడంలో కార్బన్ అల్యూమినియం కంటే మెరుగు. ఒకేచోట గట్టిగా తగిలే రాయి, అతిగా బిగించిన క్లాంప్, ఇసుక రాపిడి... దీనికి పడనివి ఇవీ. అల్యూమినియం ట్యూబ్‌కి దెబ్బ తగిలితే సొట్ట కనిపిస్తుంది. కార్బన్‌లో లోపలి పొరలు విడిపోయినా పైన పెయింట్ మీద చిన్న గీత తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. అసలు టెన్షన్ దాంతోనే.

బయల్దేరే ముందు మాన్యువల్ తీసి, మీ ఫ్రేమ్ ఏ కేటగిరీదో, అంటే ఎంత మోటు వాడకానికి చేసిందో చూడండి. చాలా కంపెనీలు ఏఎస్‌టీఎం ఎఫ్2043 అనే ప్రమాణంలోని వర్గీకరణ వాడతాయి. అందులో కేటగిరీ 3 అంటే 61 సెంటీమీటర్ల లోపు జంపులు, డ్రాపులకు (ఎత్తు మీంచి కిందికి దూకడాలకు). 4 అంటే 122 సెంటీమీటర్ల లోపు వాటికి. 5 అంటే డౌన్‌హిల్, ఫ్రీరైడ్ లాంటి వాటికి. కేటగిరీ 3 ఫ్రేమ్‌తో విస్లర్‌లోని ఎ-లైన్ లాంటి జంప్ ట్రైల్‌కి వెళ్లడం నా దృష్టిలో అనవసరమైన తెగింపు. అక్కడే డౌన్‌హిల్ బైకులు అద్దెకిస్తారు. డబ్బు కొంచెం ఎక్కువే, అయినా ఫ్రేమ్ ధరతో పోలిస్తే ఎంత?

పార్క్ కోసమని పార్టులు మార్చేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 140 మిల్లీమీటర్లు కుంగే ముందు ఫోర్క్‌కి డిజైన్ చేసిన ఫ్రేమ్‌కి 160 ఫోర్క్ వేస్తే హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ఫోర్క్ దూరే గొట్టం) మీద పడే బలం పెరుగుతుంది. గరిష్ఠంగా ఎంత ఫోర్క్ వేయొచ్చో మాన్యువల్‌లో ఉంటుంది, అది దాటితే వారంటీ మీద ఆశ వదులుకోవచ్చు. వెనక షాక్‌ది మరో తిరకాసు. 210×50, 210×55 షాకుల్లో మొదటి అంకె పొడవు, రెండోది స్ట్రోక్ (ఎంత కుంగుతుందో), మిల్లీమీటర్లలో. రెండూ ఒకే పొడవు, బోల్టులు కూడా చక్కగా కూర్చుంటాయి. కానీ ఆ 5 మిల్లీమీటర్ల అదనపు స్ట్రోక్‌తో వెనక టైరు వెళ్లి సీట్ ట్యూబ్‌కి తగలొచ్చు. ఎయిర్ షాక్ అయితే గాలి నెమ్మదిగా తీసేసి, సీటు మీద బరువేసి చివరిదాకా నొక్కి, టైరుకీ ఫ్రేమ్‌కీ మధ్య ఎంత ఖాళీ మిగిలిందో చూసుకోండి. గాలికి బదులు స్ప్రింగ్ ఉండే కాయిల్ షాక్ వేయాలనుకుంటే ఆ ఫ్రేమ్‌కి కంపెనీ ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోండి.

ఇక ఫ్రేమ్ పరీక్ష. బైక్‌ని కడిగి, ఆరబెట్టి, తలకిందులు చేసి, టార్చ్ తీసుకోండి. డౌన్ ట్యూబ్ (హ్యాండిల్ దగ్గర్నుంచి పెడల్స్ దాకా వచ్చే గొట్టం) కింద ఉండే రబ్బరు ప్రొటెక్టర్‌ని విప్పడం చాలామంది మర్చిపోతారు. దాని వెనక చేరిన ఇసుక పెయింట్‌ని దాటి కార్బన్ దాకా అరగదీసి ఉండొచ్చు. బాటమ్ బ్రాకెట్ (పెడల్స్ ఇరుసు కూర్చునే చోటు) చుట్టూ, చైన్‌స్టే (అక్కడి నుంచి వెనక చక్రం దాకా వెళ్లే గొట్టం) లోపలి వైపు, కేబుళ్లు లోపలికి దూరే రంధ్రాల దగ్గర, హెడ్ ట్యూబ్ అతుకుల దగ్గర వేలితో మెల్లగా తడమండి. గీత కనిపిస్తే గోరు పెట్టి లాగి చూడండి. గోరు ఎక్కడా తట్టుకోకపోతే అది పైపూత మీద గీతే అయ్యుండే అవకాశం ఎక్కువ. తట్టుకుంటే అనుమానించాలి. తర్వాత ఒక నాణెంతో ట్యూబ్ పొడవునా తడుతూ వెళ్లండి. బాగున్నచోట టక్ టక్‌మని గట్టిగా పలుకుతుంది, పొరలు విడిపోయినచోట అదే శబ్దం బొద్దుగా, చచ్చినట్టు వస్తుంది. అతుకుల దగ్గర గోడ మందం మారుతుంది కాబట్టి శబ్దం ఎలాగూ మారుతుంది, దానికి కంగారు పడొద్దు. అటువైపు, ఇటువైపు ఒకేచోట తట్టి పోల్చుకుంటే తేడా తెలుస్తుంది. అప్పటికీ తేలకపోతే కార్బన్ రిపేర్ చేసేవాళ్ల దగ్గర అల్ట్రాసౌండ్ పరీక్ష చేయించడమే.

షాక్ విప్పి వెనక భాగాన్ని చేత్తో పైకీ కిందికీ ఆడించండి. కరకరలాడినా, అక్కడక్కడా పట్టేసినా పివట్ (వెనక భాగం కదిలే కీలు) బేరింగులు పోయినట్టే. వదులుగా ఉన్న పివట్‌తో పార్క్‌లో తొక్కితే బేరింగు కూర్చునే గూడే అరిగిపోతుంది, అప్పుడు బేరింగు మార్చినా లాభం లేదు. బోల్టులు బిగించడానికి ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ తప్పనిసరి. ఎంత బిగించాలో చాలా ఫ్రేముల్లో బోల్టు పక్కనే రాసి ఉంటుంది. వెనక గేర్ డిరైలర్‌ని పట్టుకునే యూడీహెచ్ హ్యాంగర్ అయితే 25 న్యూటన్ మీటర్లు, దాని మర ఎడమ వాటం కాబట్టి అలవాటుగా తిప్పితే బిగియాల్సింది ఊడుతుంది. సీట్‌పోస్ట్ జారుతోందని క్లాంప్‌ని ఇంకా బిగించకండి. పట్టు పెంచే కార్బన్ పేస్ట్ రాస్తే తక్కువ బిగింపుతోనే నిలుస్తుంది. రిపేర్ స్టాండ్‌లో పెట్టేటప్పుడు కూడా ఫ్రేమ్ ట్యూబులని పట్టించొద్దు, సీట్‌పోస్ట్‌ని పట్టించండి.

దారిలో జరిగే నష్టం చాలామంది లెక్కలోకే రాదు. ర్యాక్ కొక్కెం ఫ్రేమ్‌ని కాకుండా చక్రాన్ని పట్టుకునే రకం అయితే మంచిది. కారు సైలెన్సర్ గొట్టం పొగ నేరుగా బైక్ మీదికి వస్తుందేమో చూడండి, గంటల తరబడి ఆ వేడి తగిలితే కార్బన్ పొరల్ని అతికించి ఉంచే రెసిన్ దెబ్బతింటుంది, టైరు కూడా. పికప్ టెయిల్‌గేట్ ప్యాడ్ మీద వేసేవాళ్లు ముందు దాని మీది మట్టి దులపాలి, లేకపోతే అది డౌన్ ట్యూబ్‌కి గరుకు కాగితమే.

పార్క్‌లో పడితే హ్యాండిల్‌బార్ గిర్రున తిరిగి బ్రేక్ లివర్ టాప్ ట్యూబ్‌కి కొట్టిందేమో మొదట చూడండి. కొత్త పగులు కనిపిస్తే ఆ బైక్ మీద కిందికి దిగొద్దు, నడిపించుకుంటూ రండి. చాలా కంపెనీల లైఫ్‌టైమ్ వారంటీ మొదటి ఓనర్‌కే వర్తిస్తుంది, పడినప్పుడు విరిగింది అందులోకి రాదు. అయితే క్రాష్ రీప్లేస్‌మెంట్ కింద తగ్గింపు ధరకి ఫ్రేమ్ ఇచ్చేవాళ్లున్నారు. అడగాలంటే కొన్న బిల్లు, బాటమ్ బ్రాకెట్ దగ్గరుండే సీరియల్ నంబర్ కావాలి. రెండూ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకుని బయల్దేరండి.