కొత్త క్రాస్‌లు వేశాక లారీ వణుకుతుంటే

గ్రానైట్ రాళ్లో తోతాపురి కాయలో నిండుగా ఎత్తుకుని చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కే లారీలో ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనుక చక్రాల వైపు తిప్పే బలాన్ని చేరవేసే గొట్టం) పడే శ్రమ చాలా ఎక్కువ. దాని చివరల కీలులా పనిచేసే ప్లస్ గుర్తు ఆకారపు ముక్కలే క్రాస్‌లు. అవి అరుగుతాయి, మారుస్తాం. మార్చాక కొత్త ఇబ్బంది మొదలైతే సామానును తప్పుపట్టే ముందు బిగించిన తీరు చూడాలి.

కిందికి దూరే ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టండి. షాఫ్ట్ విప్పాక గేరులో ఉన్నా బండి దొర్లిపోతుంది. గేర్‌బాక్స్ వెనుక డ్రమ్ముపై పనిచేసే హ్యాండ్‌బ్రేకు అయితే అదీ ఆపలేదు.

వేగం పెరిగేకొద్దీ వణుకు

మొదటి అనుమానం స్ప్లైన్ల మీదే, అంటే షాఫ్ట్ ముక్కలు ఒకదానిలో ఒకటి జారే చోట ఉండే పొడవాటి పళ్ల మీదే. జారే యోక్‌ను (క్రాస్‌ను పట్టుకునే రెండు చెవుల ముక్క) తిరిగి తొడిగేటప్పుడు ఒక్క పన్ను తప్పినా షాఫ్ట్ రెండు చివరల యోక్‌లు ఒకే వరుసలో ఉండవు. క్రాస్ వంపులో తిరిగేటప్పుడు అవతలి వైపు వేగం ప్రతి చుట్టుకూ రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను రెండో క్రాస్ సరిచేస్తుంది, కానీ యోక్‌ల వరుస కలిస్తేనే. షాఫ్ట్ దింపి రెండు ముక్కలపై ఉన్న బాణం గుర్తులు ఎదురెదురుగా వచ్చేలా తొడగండి. వరుస కుదిరినా సగం చుట్టు తిప్పి తొడిగితే బ్యాలెన్స్ చెడవచ్చు. అందుకే విప్పకముందే పెయింటుతో గీత గీయడం తప్పనిసరి అంటాను. గుర్తులు కలిసినా వణుకు పోకపోతే, గొట్టానికి వెల్డింగ్ చేసిన బ్యాలెన్స్ ముక్క ఊడిందేమో చూడండి.

క్రాస్ పట్టేస్తోంది, సర్‌క్లిప్ గాడిలో కూర్చోదు

సర్‌క్లిప్ అంటే కప్పు బయటికి రాకుండా ఆపే రింగు. క్రాస్ కొనకు తొడిగే కప్పులోని సూది రోలర్ ఒకటి జారి అడుగున అడ్డంగా పడి ఉంటుంది. సుత్తితో బలవంతం చేయకండి, కప్పు పగులుతుంది. విప్పి, రోలర్లను గ్రీజుతో నిలబెట్టి మళ్లీ నొక్కండి. క్లిప్పులు కూర్చున్నాక కూడా కాస్త బిగువుగా ఉంటే యోక్ చెవిపై తేలికగా తడితే వదులవుతుంది.

క్లచ్ వదలగానే ఠంగుమని శబ్దం

స్ప్లైన్లు అరిగి ఉండవచ్చు, లేదా ఫ్లాంజ్ (షాఫ్ట్ చివరను బోల్టులతో బిగించే బిళ్ల) బోల్టులు వదులై ఉంటాయి. ఫ్లాంజ్ ముఖంపై తుప్పో మట్టో ఉంటే బోల్టు బిగిసినట్టే అనిపించి లోడు పడగానే వదులవుతుంది. శుభ్రంగా తుడిచి, కొత్త నట్లు వేసి, ఎదురెదురు బోల్టులను మార్చి మార్చి, కంపెనీ మాన్యువల్ చెప్పిన లెక్కకు టార్క్ రెంచ్‌తో బిగించండి. మొదటి లోడు దింపాక మరోసారి చూడండి.

నిలిచిన బండి బయలుదేరేటప్పుడు మాత్రమే అదిరితే, షాఫ్ట్‌ను మధ్యలో మోసే సెంటర్ బేరింగ్ రబ్బరు చిరిగిందేమో, బ్రాకెట్టు వంకరగా కూర్చుందేమో చూడాలి. కీచుమంటే నాలుగు కప్పుల నుంచీ బయటికి వచ్చేదాకా గ్రీజు కొట్టండి. ఏ కప్పు నుంచైనా రాకపోతే ఆ క్రాస్‌ను విప్పి దారి శుభ్రం చేయాల్సిందే.