హామండ్ ఆర్గన్‌ను ఇంట్లో బాగుచేసుకోవడం – రెండవ పాఠం: ఎంపిక, నూనె, మొదటి ప్రారంభం

గత పాఠంలో హామండ్ ఆర్గన్ బయటి భాగాలను, అంటే రెండు వరుసల మెట్లను, పెడళ్లను, ధ్వని రంగును మార్చడానికి లాగే తొమ్మిది డ్రాబార్లను పరిచయం చేసుకున్నాం. ఈ పాఠంతో చేతిపని మొదలవుతుంది. పాత వాద్యాన్ని ఏం చూసి కొనాలో, ఇంటికి ఎలా చేర్చాలో, ఏళ్ల తరబడి కదలని, ధ్వనిని పుట్టించే చక్రాల యంత్రమైన జనరేటర్‌ను ఎలా తిరిగి నడిపించాలో నేర్చుకుందాం. మొదటి రెండింటిలో పొరపాటు జరిగితే డబ్బు పోతుంది. మూడవదానిలో తొందరపడితే వాద్యమే పోతుంది. అందుకే ఎక్కువ స్థలం దానికే కేటాయిస్తున్నాను.

నేర్చుకునేవారికి నేను సూచించేది ఎం-3. 1955 నుంచి 1964 వరకు తయారైన ఈ చిన్న ఆర్గన్‌లో ఒక్కో వరుసకు 44 మెట్లు, 12 పెడళ్లు ఉంటాయి. ఆంప్లిఫయర్, స్పీకర్ పెట్టెలోనే అమర్చి ఉంటాయి. పేరుపొందిన బి-3 పెద్దది, బరువైనది, ఖరీదైనది. పైగా దానికి సొంత స్పీకర్ లేదు కాబట్టి లెస్లీ వంటి స్పీకర్ పెట్టెను వేరుగా సమకూర్చుకోవాలి. ధ్వని పుట్టే విధానం మాత్రం రెండింటిలోనూ ఒకటే. అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఎం-3 దొరకడం కష్టం కాదు. పాత ఇళ్లు ఖాళీ చేసేవారు, మోసుకుపోతే చాలన్నట్టు, చాలా తక్కువ ధరకే వీటిని ఇచ్చేస్తుంటారు.

కొనేముందు లోపలి యంత్రం గురించి కొంత తెలిసి ఉండాలి. విద్యుత్ గడియారాలు తయారుచేసిన లారెన్స్ హామండ్, గడియారంలో వాడిన సింక్రనస్ మోటారు సూత్రాన్నే వాద్యానికి వర్తింపజేసి, 1935లో తన మొదటి ఆర్గన్‌ను అమ్మకానికి తెచ్చాడు. ఈ మోటారు వేగం వోల్టేజీని బట్టి కాక, కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి నిర్ణయమవుతుంది. అమెరికాలోని 60 హెర్ట్జ్ సరఫరాపై అది నిమిషానికి 1200 సార్లు, అంటే సెకనుకు 20 సార్లు తిరుగుతుంది. మోటారు ఇరుసు నుంచి పళ్లచక్రాల జతల ద్వారా ఆ చలనం పన్నెండు స్వరాలకు పన్నెండు వేర్వేరు వేగాలుగా చేరుతుంది. ‘ఎ’ స్వరానికి 88, 64 పళ్ల జత ఉంటుంది. దానితో వేగం సెకనుకు 27.5 చుట్లకు పెరుగుతుంది. ఆ ఇరుసుపై అంచున 16 గుబ్బలున్న టోన్‌వీల్ తిరిగితే, ఎదురుగా ఉన్న అయస్కాంతపు కడ్డీ చుట్టూ చుట్టిన తీగచుట్టలో సరిగ్గా 440 హెర్ట్జ్ విద్యుత్ సంకేతం పుడుతుంది. ‘సి’ స్వరానికి 85, 104 పళ్ల జత వాడారు. మధ్యస్థాయి ‘సి’ 261.63 హెర్ట్జ్ ఉండవలసిన చోట 261.54 వస్తుంది. ఇంత స్వల్పమైన తేడాను చెవి పట్టుకోలేదు. సరఫరా ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉన్నంతకాలం ఈ వాద్యానికి శ్రుతి చేయవలసిన అవసరమే రాదు.

ఇదే కారణం చేత ఆర్గన్‌ను భారతదేశానికి పంపించాలనుకునేవారు ముందే జాగ్రత్తపడాలి. హైదరాబాదులోనైనా విశాఖపట్నంలోనైనా సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుందే తప్ప ఫ్రీక్వెన్సీని మార్చలేదు. కాబట్టి మోటారు 1200కు బదులు 1000 చుట్లే తిరుగుతుంది, 440 హెర్ట్జ్ పలకవలసిన ‘ఎ’ 367 దగ్గర పలుకుతుంది, వాద్యమంతా దాదాపు మూడు అర్ధస్వరాలు కిందికి దిగిపోతుంది. దీనికి రెండే దారులు ఉన్నాయి: 50 హెర్ట్జ్ కోసం తయారైన ఎగుమతి మోడల్‌ను వెతికి కొనడం, లేదా 60 హెర్ట్జ్ వద్ద స్వచ్ఛమైన సైన్ తరంగాన్ని ఇచ్చే ఫ్రీక్వెన్సీ కన్వర్టర్‌ను అమర్చుకోవడం. ఏది ఏ సరఫరాకు తయారైందో వాద్యంపై ఉన్న లోహపు పలకపై రాసి ఉంటుంది. బేరం మొదలుపెట్టక ముందే ఆ పలకను చదవండి.

చూడటానికి వెళ్లేటప్పుడు టార్చిలైటు, స్క్రూడ్రైవరు వెంట ఉంచుకోండి. అమ్మేవారి అనుమతితో, ప్లగ్గు తీసి ఉందని నిర్ధారించుకుని, వెనుక చెక్కను తెరిపించండి. చెక్కపై గీతలు, వెలిసిన పాలిషు మిమ్మల్ని కలవరపెట్టనక్కరలేదు. వాటిని ఎప్పుడైనా సరిచేయవచ్చు. నేలమాళిగలో ఉంచిన వాద్యమైతే అడుగున నీటి మరకలు, లోహభాగాలపై తెల్లటి పొడి, ఎలుకల గూళ్లు, కొరికిన తీగలు ఉన్నాయేమో చూడండి. ఎలుకల మూత్రం సన్నని తీగలను తినేస్తుంది. ఆ వాసన గట్టిగా వస్తుంటే ఉచితంగా ఇచ్చినా వదిలేయమనే నా సలహా. ఎవరైనా తీగలు కత్తిరించి కొత్త సాకెట్లు బిగించి ఉంటే, అది ఎందుకు చేశారో తప్పక అడగాలి. ఆర్గన్ పనిచేస్తూనే ఉందని యజమాని చెప్పినా, ఆఖరుసారి నూనె ఎప్పుడు పోశారో తెలుసుకోకుండా ఆన్ చేయించవద్దు.

మోసేటప్పుడు నలుగురు మనుషులు, చక్రాల బండి, మందపాటి దుప్పట్లు ఉండాలి. జనరేటర్ స్ప్రింగులపై వేలాడుతూ ఉంటుంది కాబట్టి, బయలుదేరే ముందు దానిని కదలకుండా బిగించే రవాణా బోల్టులను బిగించి, ఇంటికి చేరాక మరచిపోకుండా వదులు చేయాలి. వాద్యాన్ని వెల్లకిలా పడుకోబెట్టకుండా నిటారుగానే తీసుకురండి.

ఇక నూనె విషయం. జనరేటర్‌లోని ప్రతి ఇరుసుకు రెండు వైపులా బేరింగులు ఉన్నాయి. వాటికి నూనె నేరుగా పడదు. పైనున్న చిన్న గరాటులలో పోసిన నూనె ఒక తొట్టెలోకి చేరి, అక్కడి నుంచి దీపపు వత్తి నూనెను పీల్చినట్టు నూలుదారాల ద్వారా మెల్లమెల్లగా పాకుతూ ఒక్కో బేరింగునూ చేరుతుంది. ఏళ్ల తరబడి ఎండిన దారాలకు ఈ ప్రయాణం గంటల్లో పూర్తికాదు. పోసిన వెంటనే మోటారు తిప్పితే, పొడిబారిన బేరింగులు అరిగిపోతాయి. పాత నూనె జిగురుగా మారి ఉంటే ఇరుసు పట్టేసి, ఆ జతలో ఉన్న చక్రాలన్నీ మూగబోతాయి. అందుచేత నూనె పోసి కనీసం వారం రోజులు ఆగమని నేను చెబుతాను. గరాటులను మూడువంతుల దాకా నింపి, ఇంకాక మళ్లీ పోయండి. జనరేటర్‌ను మొదట తిప్పే స్టార్టు మోటారుకు, స్వరాన్ని అలలా కదిలించే వైబ్రాటో స్కానర్‌కు వేరే నూనె గుంటలు ఉంటాయి. అక్కడ కొద్ది చుక్కలు చాలు.

వాడవలసింది హామండ్ జనరేటర్ నూనె పేరుతో అమ్మే పలుచని నూనె ఒక్కటే. కుట్టుమిషను నూనె, ఇంజిన్ ఆయిల్, తుప్పు వదిలించే స్ప్రేలు, వంటనూనెలు ఇందులో పోయరాదు. మొదట్లో అవి పనిచేస్తున్నట్టే ఉంటాయి. తర్వాత దారాలలో జిగురు కట్టి నూనె దారిని శాశ్వతంగా మూసేస్తాయి, ఆపై ఎంత మంచి నూనె పోసినా బేరింగుకు చేరదు. నూనె ప్రతి ఏటా ఒకసారి పోయాలి.

వారం గడిచాక, ప్లగ్గు పెట్టకుండానే మోటారు ఇరుసును వేళ్లతో సున్నితంగా తిప్పి చూడండి. కొంచెం బరువుగానైనా కదిలితే మంచిదే. అసలు కదలకపోతే బలం ప్రయోగించవద్దు; మరికొంత నూనె పోసి ఇంకొన్ని రోజులు ఓపిక పట్టండి. ఇదే సమయంలో విద్యుత్ భద్రతను కూడా చూసుకోవాలి. పాత ఆర్గన్లకు ఎర్తు లేని రెండుతీగల వైరు ఉంటుంది. దాని రబ్బరు పెళుసైపోయి ఉంటే, ఎర్తు ఉన్న మూడుతీగల వైరును నిపుణుడైన ఎలక్ట్రీషియన్‌తో వేయించండి. ఆంప్లిఫయర్‌లోని కెపాసిటర్లు ప్లగ్గు తీశాక కూడా వందల వోల్టులను పట్టి ఉంచగలవు కాబట్టి, ఆ పెట్టెలోపల చేయి పెట్టవద్దు. దాని సంగతి నాలుగవ పాఠంలో చూద్దాం.

ఇప్పుడు ప్రారంభించవచ్చు. ఈ మోటారు తనంతట తాను తిరగడం మొదలుపెట్టలేదు. అందుకే స్టార్టు, రన్ అని రెండు మీటలు ఇచ్చారు. స్టార్టు మీటను నొక్కి పట్టుకుంటే చిన్న స్టార్టు మోటారు జనరేటర్‌ను నడిపించి, కావలసిన దానికన్నా కొంచెం ఎక్కువ వేగానికి చేరుస్తుంది. ఎనిమిది సెకన్ల తర్వాత స్టార్టును వదలకుండానే రన్ మీట నొక్కి, మరో నాలుగు సెకన్లు రెండింటినీ పట్టుకుని, అప్పుడు స్టార్టును వదిలేయాలి. తొలిసారి మాత్రం రన్ జోలికి పోవద్దు. స్టార్టును కొద్ది సెకన్లు నొక్కి వదిలి, తిరగడం ఆగేదాకా చెవి ఒగ్గి వినండి. సన్నని గరగర వినిపిస్తూ మెల్లగా వేగం తగ్గితే బేరింగులు బాగున్నట్టు. కీచుమనే శబ్దమో, ఉన్నట్టుండి ఆగిపోవడమో జరిగితే ఆ రోజుకు పని ఆపేసి, మళ్లీ నూనె పోయండి.

వాద్యం నిలకడగా తిరిగి, ఆంప్లిఫయర్‌లోని వాక్యూమ్ ట్యూబులు వేడెక్కాక, పై వరుసలో ఒక్క డ్రాబారునే లాగి అన్ని మెట్లనూ వరుసగా నొక్కండి; తర్వాత దానిని లోపలికి తోసి పక్కదానిని లాగండి. కొన్ని చోట్ల శబ్దం రాదు. దానిని చూసి కొత్తవారు నిరాశపడతారు, కానీ లోపం ఎక్కడుందో అక్కడే తేల్చుకునే సులువైన మార్గం ఉంది. డ్రాబార్లపై అడుగుల్లో రాసిన అంకె స్వరస్థాయిని తెలుపుతుంది: ఎనిమిది అడుగులది మెట్టు అసలు స్వరాన్ని, నాలుగు అడుగులది ఒక స్థాయి పై స్వరాన్ని పలికిస్తుంది. ఎనిమిది అడుగుల డ్రాబారుతో ఒక ‘సి’ మెట్టు పలకలేదనుకోండి. ఒక స్థాయి కింద ఉన్న ‘సి’ మెట్టును నాలుగు అడుగుల డ్రాబారుతో నొక్కితే అదే టోన్‌వీల్ నుంచి శబ్దం రావాలి. వస్తే చక్రం క్షేమంగా ఉంది, మెట్టు కింది కాంటాక్టుకు మురికి పట్టిందని అర్థం; ఇది ఇంట్లో సరిచేయగలిగినదే. రెండు చోట్లా నిశ్శబ్దమైతే లోపం జనరేటర్ వైపున, చక్రంలోనో తీగచుట్టలోనో తీగ అతుకులోనో ఉంది. కొన్ని స్వరాలు మాత్రమే నీరసంగా వినిపిస్తే, జనరేటర్‌లోని పాత మైనపు కెపాసిటర్లపై అనుమానపడాలి. అయస్కాంతపు కడ్డీలను జరిపి శబ్దం పెంచాలని మాత్రం ప్రయత్నించకండి.

మెట్టు నొక్కినప్పుడు వచ్చే చిన్న ‘టక్’ శబ్దం లోపం కాదు. కాంటాక్టులు తాకే క్షణంలో పుట్టే ఆ చప్పుడును తగ్గించడానికి తయారీదారులు ప్రయత్నించారు గాని, జాజ్ వాద్యకారులు దానినే లయకు పదునుగా వాడుకున్నారు. శుభ్రం చేసే పేరుతో దానిని పూర్తిగా పోగొట్టుకోవద్దు.

మూడవ పాఠంలో కాంటాక్టులను, అవి తాకే బస్‌బార్లను శుభ్రం చేద్దాం. అప్పటికి ఒక కాగితంపై అడ్డంగా తొమ్మిది డ్రాబార్లను, నిలువుగా 44 మెట్లను రాసుకుని, మౌనంగా ఉన్న ప్రతి గడిలోనూ పై పరీక్ష ఫలితాన్ని ‘కాంటాక్టు’ అనో ‘జనరేటర్’ అనో నింపి సిద్ధంగా ఉంచండి.