లీకైన పాటలు, నిండిపోయిన ఫోను: ఒక ఆల్బమ్‌ను చెవికెక్కేలా వినే పద్ధతి

ఫోన్లో వేల పాటలుంటాయి. వాటిలో ఎన్నింటికి రెండో చరణం మొదలు ఏమిటో చెప్పగలరంటే చాలామంది తడుముకుంటారు. పాట చేతికి రావడం ఎంత తేలికైందో, తోసేయడమూ అంతే తేలికైంది. క్యాసెట్ రోజుల్లో నచ్చని పాటనూ విన్నారంటే అది రసికత కాదు, టేపు ముందుకు తిప్పి సరైన చోట ఆపడం చిరాకు పని కాబట్టి. అలా బలవంతాన విన్నవాటిలో కొన్ని ఆరోసారికో ఏడోసారికో నచ్చేవి. ఆ బలవంతం ఇప్పుడు లేదు గనక మనమే పెట్టుకోవాలి.

ముందు కాపీ సంగతి

డౌన్‌లోడ్ చేసిన ఫైలు పేరులో 320 కేబీపీఎస్ (సెకనుకు ఎన్ని కిలోబిట్ల డేటా అనే లెక్క, ఎక్కువుంటే ధ్వని మెరుగు) అని ఉన్నంత మాత్రాన నమ్మకండి. 128లో ఉన్న పాటను మళ్లీ 320గా మార్చి పెట్టేవాళ్లు బోలెడు. సైజు పెరుగుతుంది, పోయిన ధ్వని తిరిగి రాదు. నిమిషానికి 128 అయితే సుమారు 1 ఎంబీ, 320 అయితే సుమారు 2.4 ఎంబీ. కాబట్టి సైజు చూసి చిన్న ఫైలును పట్టుకోవచ్చు గానీ దొంగ 320ని పట్టుకోలేం.

దానికి స్పెక్ట్రోగ్రామ్ చూడాలి, అంటే పాటలో ఏ ఎత్తు ధ్వనులు ఎంత ఉన్నాయో రంగుల్లో చూపే బొమ్మ. కంప్యూటర్లో ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. పాట తెరిచి, ట్రాక్ పేరు దగ్గర మెనూలో స్పెక్ట్రోగ్రామ్ ఎంచుకోండి. పై హద్దు 8000 హెర్ట్జ్ దగ్గర ఆగితే సెట్టింగుల్లో 22000 చేయండి. పాత వెర్షన్లలో ఇది మార్చకుండా చూసి ప్రతి ఫైలూ పాడైనదే అనుకునేవాళ్లున్నారు. అసలైన 320 ఫైల్లో రంగు దాదాపు 20 కిలోహెర్ట్జ్ దాకా పాకుతుంది. 128 నుంచి మార్చినదైతే 16 దగ్గర కత్తితో కోసినట్టు అడ్డగీత, దానిపైన నలుపు. అయితే పాత రికార్డింగుల్లో పై స్వరాలు మొదట్నుంచీ తక్కువే. అక్కడ రంగు మెల్లగా పలచబడుతుంది, కోతలా ఉండదు. తేడా అదే.

చెవితో తేల్చాలంటే మూడు చోట్లు వినండి: ‘స’, ‘శ’ అక్షరాల దగ్గర బుసకొట్టినట్టుందా, డ్రమ్స్‌లోని సింబల్ (ఇత్తడి పళ్లెం) మోత నీళ్లలో కదిలినట్టుందా, మృదంగం దెబ్బకు ముందే దాని నీడలాంటి శబ్దం వస్తోందా. మూడూ ఉంటే ఆ ఫైలుతో ఆ పాట మీద అభిప్రాయం ఏర్పరచుకోకండి.

ఇక ట్యాగులు, అంటే ఫైలులోనే దాగి ఉండే పేర్ల వివరాలు. ఉచిత సైట్ల ఫైళ్లలో గాయకుడి పేరుండాల్సిన చోట సైటు పేరు, సంగీత దర్శకుడి చోట మళ్లీ అదే సైటు పేరు. వంద పాటలు ఒకే ‘గాయకుడి’ కింద చేరతాయి, రాసినవారి పేరు ఎక్కడా ఉండదు. ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆల్బమ్ మొత్తం ఒకేసారి సరిచేయవచ్చు: పాట వరుస సంఖ్య, సంగీతం, సాహిత్యం, గానం. ఐదారు పాటల సినిమా ఆల్బమ్‌కు పది నిమిషాల పని. విసుగే, కానీ ఆ పేర్లు టైపు చేశాక ఎవరు రాశారో మర్చిపోవడం కష్టం.

లీకైన పాట మీద తీర్పు ఎందుకు వద్దు

సినిమా పాటలో బాణీకి మొదట డమ్మీ మాటలు వేస్తారు. తర్వాత ట్రాక్ సింగర్, అంటే అసలు గాయకుడి కోసం నమూనాగా పాడేవారు, పాడతారు. కీబోర్డు మీద వాయించిన వయొలిన్ల చోట చాలాసార్లు నిజం వయొలిన్లు తర్వాత వస్తాయి. అసలు గాత్రం, మిక్సింగ్ (గొంతునూ వాద్యాలనూ సరైన పాళ్లలో కలపడం), మాస్టరింగ్ (విడుదలకు తుది మెరుగు) చివర్న. ఇందులో ఏ మజిలీలోనైనా పాట బయటికి పొక్కవచ్చు. 2000లో అమెరికా రాక్ బృందం మెటాలికా పాటొకటి సరిగ్గా ఇలాగే, పూర్తికాని రూపంలో జనం పాటల ఫైళ్లు పంచుకునే నాప్‌స్టర్‌కు చేరి రేడియోల్లో కూడా మోగింది. ఆ బృందం కోర్టుకెళ్లింది అందుకే.

లీకు వల్ల అమ్మకాలు కచ్చితంగా పడిపోతాయని మాత్రం చెప్పలేం. అదే ఏడాది బ్రిటిష్ బృందం రేడియోహెడ్ ఆల్బమ్ ‘కిడ్ ఎ’ విడుదలకు ముందే నాప్‌స్టర్‌లో తిరిగినా అమెరికా ఆల్బమ్‌ల పట్టికలో నేరుగా మొదటి స్థానంలో దిగింది. శ్రోతకు జరిగే నష్టం వేరు. మొదట విన్న రూపమే చెవికి ‘అసలు’ అయి కూర్చుంటుంది, తర్వాత వచ్చిన పూర్తి పాట తప్పుగా తోస్తుంది.

గాత్రం ఏ ప్రతిధ్వనీ లేకుండా పొడిగా ఉండటం, రెండు చెవుల్లోనూ అచ్చం ఒకే శబ్దం రావడం, పాట చివర ఠక్కున తెగడం పూర్తికాని కాపీ గుర్తులు. అలాంటిది ఇప్పటికే వినేసి ఉంటే వారం పాటు రెండూ పక్కన పెట్టి, ఆ తర్వాత అధికారిక పాటతో మొదలుపెట్టండి. లీకును ఫార్వర్డ్ చేయకండి. తెలిసి చేసే ఉల్లంఘనకు 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. పైగా 2012 సవరణతో రచయితకు, సంగీత దర్శకుడికి రాయల్టీలో వాటా హక్కుగా వచ్చింది. లీకు కాపీ ఎన్నిసార్లు మోగినా వాళ్లకు పైసా చేరదు.

ఇక వినడం

వారానికి ఒక్క ఆల్బమ్. మిగతావి ఆ వారం ‘తర్వాత’ అనే ఫోల్డర్లో ఉంటాయి. షఫుల్, ఆటోప్లే, క్రాస్‌ఫేడ్ మూడూ ఆపేయండి. క్రాస్‌ఫేడ్ ఉంటే పాట ముగింపు మీద తర్వాతి పాట ఎక్కేస్తుంది.

మొదటిసారి వరుసగా, ఆపకుండా. సినిమా ఆల్బమ్ చాలావరకు అరగంట లోపే అయిపోతుంది. ఏ పాట బాగుందో ఎవరికీ చెప్పకండి. చెప్పేస్తే దానికే కట్టుబడిపోతాం. రెండు రోజుల తర్వాత రెండోసారి, సాహిత్యం ఎదురుగా పెట్టుకుని. పల్లవి సరే, రెండు చరణాల్లో మాటలు ఎక్కడ తాళానికి ఒదిగాయో, ఎక్కడ సాగదీశారో చూడండి. మూడోసారి హెడ్‌ఫోన్లతో, గొంతును వదిలేసి వాద్యాలు మాత్రమే. ఎనభైల పాటల్లో చాలావాటికి మొదటి చరణం ముందు వచ్చే వాద్యభాగం వేరు, రెండోదాని ముందు వేరు. స్కిప్ చేసే అలవాటున్న చెవి ఆ రెండోదాన్ని ఎప్పుడూ వినదు.

రెండు కాపీలో, రెండు పాటలో పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానం చేయండి. కాస్త గట్టిగా మోగేదే మెరుగ్గా అనిపిస్తుంది, అది చెవి స్వభావం. స్ట్రీమింగ్ యాప్‌లో వాల్యూమ్ సమానం చేసే నార్మలైజ్ ఆప్షన్ ఆన్ చేస్తే చాలు. కంప్యూటర్లో ఫూబార్2000 అనే ప్లేయర్‌లో ముందు ఫైళ్లను రీప్లేగెయిన్ కోసం స్కాన్ చేసి, తర్వాత దాన్ని ఆన్ చేయండి.

రోజుకు పదిసార్లు ఒకే పాట పెడితే ఈ పద్ధతి ఎదురు తిరుగుతుంది. మొహం మొత్తి, తప్పు పాటదనుకుంటారు. మూడుసార్లు విన్నా పట్టుకోకపోతే నెల ఆగి ఇంకోసారి. అప్పటికీ ఒక్క చరణమూ గుర్తు రాకపోతే ఫైలు తీసేయండి.