మిడి రికార్డింగ్‌లో తిప్పలు: గుర్తు, కారణం, పరిష్కారం

బతుకమ్మ పండుగ దగ్గర పడిందంటే హన్మకొండ, కరీంనగర్, జగిత్యాలలో చిన్న స్టూడియోల లైట్లు అర్ధరాత్రి దాటినా ఆరవు. రెండేళ్లకోసారి మేడారం జాతర ముందు కూడా ఇంతే. పాట రాసినాయన, పాడేటామె పక్కనే కూర్చుని ఉంటారు. సరిగ్గా అప్పుడే కీబోర్డు పలకదు, లేదా అరగంట కొట్టిన ట్యూను కనిపించకుండా పోతుంది. ఆ కంగారులో చేతికి దొరికిన సెట్టింగల్లా మారుస్తూ పోతే అసలు తప్పు కింద ఇంకో నాలుగు తప్పులు చేరతాయి.

ఒక్క సంగతి గుర్తుంటే సగం తిప్పలు తప్పుతాయి. మిడి అంటే కీబోర్డు కంప్యూటర్‌కు పంపే సంకేతం. అది శబ్దం కాదు, కబురు. ఏ కీ నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, పెడల్, వీల్ ఎలా కదిలాయి, ఇలాంటివే అందులో ఉంటాయి. 1983లో వచ్చినప్పటి నుంచి దాని పద్ధతి ఇదే. శబ్దం ఆ తర్వాత, ఎఫ్ఎల్ స్టూడియో, క్యూబేస్, ఎబుల్టన్ లైవ్, లాజిక్, రీపర్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన వాయిద్యంలో పుడుతుంది. అందుకే ఏ సమస్య వచ్చినా ముందు పియానో రోల్ (నోట్లు గీతల మీద బొమ్మలా కనిపించే కిటికీ) తెరిచి చూడండి. అక్కడ నోట్లు సరిగ్గా ఉంటే తప్పు శబ్దం వైపు ఉంది. నోట్లే తప్పుగా ఉంటే, లేదా అసలు లేకపోతే, కబురు వైపు ఉంది. కింద రాసినవన్నీ ఈ దారిలోనే వెతికి పట్టుకునేవి.

"అన్నా, కొడుతనే ఉన్న, సప్పుడు వస్తలేదు"

సాఫ్ట్‌వేర్‌లో మిడి వచ్చినప్పుడు వెలిగే చిన్న లైటు ఉంటుంది. కీ నొక్కి దాన్ని చూడండి.

లైటు వెలగకపోతే కబురు చేరలేదు. మొదటి అనుమానం కేబుల్ మీదే పెట్టండి. ఫోన్ చార్జింగ్ కోసం అమ్మే కొన్ని యూఎస్‌బీ కేబుళ్లలో డేటా వైర్లే ఉండవు. కీబోర్డుకు కరెంటు అందుతుంది, దీపాలు వెలుగుతాయి, కంప్యూటర్‌కు మాత్రం ఏమీ తెలియదు. కేబుల్ మంచిదైతే సెట్టింగుల్లో ఆ కీబోర్డు ఇన్‌పుట్ ఎనేబుల్ అయిందో లేదో చూడండి. ఎఫ్ఎల్ స్టూడియోలో ఎఫ్10 నొక్కితే ఆ పేజీ వస్తుంది. విండోస్‌లో ఇంకో కారణం ఉంది. పాత పద్ధతి డ్రైవర్లతో ఒక కీబోర్డును ఒకేసారి ఒక్క సాఫ్ట్‌వేరే వాడుకోగలదు. వెనకాల ఇంకో ప్రోగ్రాం తెరిచి ఉంటే అదే పట్టుకుని కూర్చుంటుంది. దాన్ని మూసి, కీబోర్డు ఆన్ చేసి, ఆ తర్వాతే మీ సాఫ్ట్‌వేర్ తెరవండి.

లైటు వెలిగి శబ్దం రాకపోతే ట్రాక్ ఆర్మ్ అయిందా (రికార్డుకు సిద్ధంగా ఉందా), మానిటర్ (వాయించేది వినిపించే బటన్) ఆన్‌లో ఉందా చూడండి. అవి బాగుంటే చానెల్ చూడాలి. మిడిలో 16 చానెళ్లు ఉంటాయి. డ్రమ్ ప్యాడ్లు చాలావరకు 10వ చానెల్‌లో పంపుతాయి, మీ ట్రాక్ ఒకటో చానెల్‌కే చెవి ఒగ్గి ఉంటే ఆ దెబ్బలు దానికి చేరవు. ఇన్‌పుట్‌ను "ఆల్ చానెల్స్" చేస్తే చాలు.

"నొక్కినంక కొద్దిగ ఆగి పలుకుతుంది"

ముందుగా చెవుల్లో ఏముందో చూసుకోండి. బ్లూటూత్ నెక్‌బ్యాండ్ పెట్టుకుని ఉంటే ఇంక వేరే కారణం వెతకక్కర్లేదు. దాని ఆలస్యం మామూలుగా 100 మిల్లీసెకన్లు దాటే ఉంటుంది, ఏ సెట్టింగుతోనూ అది పోదు. వైరున్న హెడ్‌ఫోన్ పెట్టుకోండి.

మిడి కేబుల్ మీద నింద వేయకండి. ఐదు పిన్నుల పాత కేబుల్ కూడా సెకనుకు 31,250 బిట్లు మోస్తుంది, ఒక నోటు కబురు చేరడానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. ఆలస్యమంతా కంప్యూటర్ ఆ కబురును శబ్దం చేసి బయటికి పంపే చోటే. బఫర్ అంటే కంప్యూటర్ ఒక్కో విడతకు సిద్ధం చేసుకునే శాంపిళ్ల (శబ్దం ముక్కల) లెక్క. సెకనుకు 44,100 శాంపిళ్ల రేటులో బఫర్ 1024 పెడితే 23 మిల్లీసెకన్లు, 512 పెడితే 12కు దగ్గర, 128 పెడితే మూడు. డ్రైవర్ తన వంతు ఇంకొంత కలుపుతుంది. విండోస్‌లో మామూలు సౌండ్ డ్రైవర్ వదిలేసి ఆడియో ఇంటర్‌ఫేస్‌తో (మైకు, హెడ్‌ఫోన్ కలిపే పెట్టెతో) వచ్చిన, ఆలస్యం తగ్గించే ఏసియో డ్రైవర్ ఎంచుకోండి. ఇంటర్‌ఫేస్ లేనివాళ్లు ఏసియో ఫర్ ఆల్ అన్న డ్రైవర్ వాడొచ్చు. రికార్డింగప్పుడు బఫర్ 128, మిక్సింగప్పుడు 1024. ఈ మార్పిడి చేతికి అలవాటు కావాలి.

బఫర్ తగ్గించినా ఆలస్యం పోలేదంటే మాస్టర్ ట్రాక్ (అన్ని ట్రాకులూ కలిసే చోటు) చూడండి. సగం మిక్స్ అయిన పాటలో ఓవర్‌డబ్ (ఉన్నదాని మీద కొత్త పొర) చేస్తున్నప్పుడు ఇది తరచుగా జరుగుతుంది. అక్కడ పెట్టిన లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా పట్టేది), కొన్ని రకాల ఈక్యూలు (శబ్దం తీరు దిద్దేవి) ముందుచూపు కోసం శబ్దాన్ని కాసేపు ఆపి వదులుతాయి. రికార్డింగ్ అయ్యేదాకా వాటిని బైపాస్ చేయండి.

కరెంటు పోగానే చిటపటలు మొదలయ్యాయంటే లాప్‌టాప్ బ్యాటరీ పొదుపులోకి వెళ్లి ప్రాసెసర్ వేగం తగ్గించిందని అర్థం. పవర్ ప్లాన్‌లో బ్యాటరీ మీద ఉన్నప్పుడు కూడా పూర్తి వేగం పెట్టుకోండి, లేదా ఆ కాసేపు బఫర్ 256కు పెంచండి.

ఆలస్యంలో వాయించిన టేక్‌ను (ఒక్కసారి వాయించి రికార్డు చేసినదాన్ని) కూడా పియానో రోల్ పట్టిస్తుంది. శబ్దం వెనక పడుతుంటే వాయించేవాళ్లు తెలియకుండానే ముందుగా కొట్టడం మొదలుపెడతారు. నోట్లన్నీ గీతకు ఎడమవైపు ఒకే దూరంలో పడి ఉంటాయి. వాటిని క్వాంటైజ్ (ప్రతి నోటునూ దగ్గరి గీతకు లాగడం) చేయొద్దు. అన్నీ సెలెక్ట్ చేసి ఒకే మోతాదులో కుడికి జరపండి. చేతి ఒడుపు చెడకుండా మిగులుతుంది.

"రెండోసారి కొడితే మొదటిది పోయింది"

నాకు ఎక్కువగా వచ్చే ఫోన్లు ఇవే. వీటిలో చాలావాటికి అసలు ఏమీ పోలేదనే చెప్తాను. ముందు చేతులు తీసేసి కంట్రోల్ జెడ్ ఒక్కసారి నొక్కి చూడండి. సేవ్ చేసి మూసేయకండి.

ఓవర్‌డబ్ అంటే ఉన్న నోట్లను ఉంచి, వాటి మీద కొత్తవి కలపడం. రిప్లేస్ అంటే పాతవి తుడిచి కొత్తవి రాయడం. ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ రెండూ ఉంటాయి, పేర్లే వేరు. ఎఫ్ఎల్ స్టూడియోలో ప్లే బటన్ల దగ్గర నోట్లను బ్లెండ్ చేసే బటన్ ఉంటుంది. అది ఆఫ్‌లో ఉంటే కొత్త నోట్లు పాతవాటిని తినేస్తాయి. క్యూబేస్‌లో మిడి రికార్డ్ మోడ్ కింద "మెర్జ్", "రిప్లేస్" కనిపిస్తాయి, మీకు కావలసింది మెర్జ్. ఎబుల్టన్ లైవ్‌లో అరేంజ్‌మెంట్ (పాట మొత్తం వరుసగా కనిపించే పేజీ) మీద పనిచేస్తుంటే పైన కూడిక గుర్తున్న బటన్ ఆన్ చేయాలి. లాజిక్‌లో రికార్డింగ్ సెట్టింగుల్లో మిడి ట్రాకులకు "మెర్జ్" ఎంచుకోవాలి.

రీపర్ సంగతి కొంచెం వేరు. మామూలు మోడ్‌లో రెండోసారి రికార్డు చేస్తే అది కొత్త టేక్ అవుతుంది. పాతది పోదు, కొత్త టేక్ వెనక దాగుతుంది. టేక్ మార్చి చూస్తే దొరుకుతుంది. రెండూ కలిసి పలకాలంటే ఆర్మ్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి రికార్డ్ మోడ్‌లో మిడి ఓవర్‌డబ్ ఎంచుకోండి.

రికార్డు బటన్ నొక్కడమే మరిచిపోయి మంచి ట్యూను కొట్టేశారా? అదీ దొరకొచ్చు. క్యూబేస్‌లో రెట్రోస్పెక్టివ్ రికార్డ్, లైవ్‌లో కాప్చర్ మిడి, లాజిక్‌లో కాప్చర్ యాజ్ రికార్డింగ్, ఎఫ్ఎల్‌లో డంప్ స్కోర్ లాగ్. ఇవన్నీ మీరు ఇంతకుముందు వాయించినదాన్ని జ్ఞాపకం నుంచి తీసి పెడతాయి. కాకపోతే సాఫ్ట్‌వేర్ మూయకముందే అడగాలి.

ఓవర్‌డబ్‌లో ఇంకో చిక్కు ఉంది. ఇది వెంటనే తెలియదు. మొదటి పొరలో సన్నాయి లాంటి వాయిద్యంతో పిచ్ వీల్ (స్వరాన్ని వంచే చక్రం) తిప్పుతూ వాయించారు. రెండో పొర అదే క్లిప్‌లో (రికార్డు ముక్కలో), వీల్ ముట్టకుండా వాయించారు. ప్లే చేస్తే రెండో పొర కూడా వంకర పోతుంది. పిచ్ బెండ్, మాడ్యులేషన్, పెడల్ కబుర్లు నోటుకు కాదు, చానెల్‌కు చెందుతాయి కాబట్టి ఆ చానెల్‌లో మోగే ప్రతి నోటూ కలిసి వంగుతుంది. రెండుసార్లూ వీల్ తిప్పి ఉంటే రెండు గీతలు ఒకదానిలో ఒకటి చిక్కుపడి శబ్దం వణుకుతుంది. అందుకే వీల్, పెడల్ వాడే ఏ పొరనైనా వేరే ట్రాక్‌లోనే రికార్డు చేయండని నా మాట. అదే వాయిద్యాన్ని ఇంకోసారి లోడ్ చేయడం వల్ల పోయేది కొంచెం మెమరీ. డప్పు దెబ్బలు, చప్పట్ల వంటివి ఒకే క్లిప్‌లో ఎన్ని పొరలు కలిపినా ఇబ్బంది లేదు.

"ఒక్కొక్క నోటు రెండుసార్లు పలుకుతుంది"

శబ్దం బోలుగా, గొట్టంలో నుంచి వచ్చినట్టు ఉంటుంది. కీబోర్డు తన శబ్దం తాను చేస్తూ, సాఫ్ట్‌వేర్ తిప్పి పంపిన కబురుతో మళ్లీ పలుకుతోంది. కీబోర్డులో లోకల్ కంట్రోల్ (కీలను దాని సొంత శబ్దానికి కలిపే సెట్టింగు) ఆఫ్ చేయండి. తర్వాత స్టేజ్ ప్రోగ్రాంకు తీసుకుపోయేముందు తిరిగి ఆన్ చేయండి, లేకుంటే అక్కడ కీబోర్డు మూగబోతుంది.

"మొదటి నోటు రికార్డయితలేదు"

ఒకటో బారు (తాళంలో ఒక చుట్టు) గీతకు వెంట్రుకవాసి ముందు కొట్టారు. ఆ నోటు పడేందుకు అక్కడ చోటు లేదు. పాటను మూడో బారు నుంచి మొదలుపెట్టి, ముందు రెండు బార్లు ఖాళీగా వదలండి.

"నోటు ఆగకుండ మోగుతనే ఉంది"

అప్పటికి నోరు మూయించడానికి పానిక్ బటన్ ఉంది. ఎఫ్ఎల్‌లో కంట్రోల్ హెచ్. కానీ మళ్లీ ప్లే చేస్తే అదే చోట మళ్లీ మోగుతుంది, ఎందుకంటే తప్పు రికార్డులోనే ఉంది.

పియానో రోల్ కింద కంట్రోలర్ 64 తెరవండి. అది సస్టెయిన్ పెడల్. విలువ 64 నుంచి 127 దాకా ఉంటే పెడల్ నొక్కి ఉన్నట్టు, 63, అంతకు తక్కువైతే వదిలినట్టు. పెడల్ నొక్కి ఉండగానే రికార్డింగ్ ఆపేస్తే చివర 127 మిగిలిపోతుంది, వదిలిన కబురు రాదు. చివర ఒక సున్నా చేర్చండి. పెడల్ తలకిందులుగా పనిచేస్తుంటే, అంటే వదిలితే సాగుతూ నొక్కితే ఆగుతుంటే, కీబోర్డు ఆపి, పెడల్ గుచ్చి, కాలు పెట్టకుండా ఆన్ చేయండి. చాలా కీబోర్డులు పెడల్ రకాన్ని ఆన్ అయ్యేటప్పుడే గుర్తుపడతాయి.

"క్వాంటైజ్ కొట్టినంక పాట నడక పోయింది"

దీని మీద కొంచెం ఎక్కువ చెప్తాను. మన పల్లెపాట దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

మన దగ్గర చాలా పాటలు తిశ్రంలో నడుస్తాయి, ఒక్కో దెబ్బ మూడు భాగాలుగా విడిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా ఉండే గ్రిడ్ (నోట్లను లాగే గీతల వరుస) మాత్రం 1/16, అంటే ఒక దెబ్బకు నాలుగు భాగాలు. రీపర్, లాజిక్‌లలో ఒక దెబ్బకు 960 టిక్కులు (కాలాన్ని కొలిచే చిన్న ముక్కలు). తిశ్రంలో డప్పు పడేది 0, 320, 640 దగ్గర. 1/16 గ్రిడ్ గీతలు 0, 240, 480, 720 దగ్గర. క్వాంటైజ్ నొక్కగానే 320లో ఉన్న దెబ్బ దగ్గర్లోని 240కి వెనక్కి పోతుంది, 640లోది 720కి ముందుకు పోతుంది. టెంపో 120 అయితే ఒక్కోటి 40 మిల్లీసెకన్లకు పైగా పక్కకు జరిగినట్టు. సమానంగా నడిచే మూడు దెబ్బలు కుంటుతాయి. ఆడేవాళ్ల కాలికి అది వెంటనే తెలుస్తుంది.

గ్రిడ్‌ను 1/8 ట్రిప్లెట్‌కు (దెబ్బకు మూడు భాగాలకు) మార్చి అప్పుడు క్వాంటైజ్ చేయండి. అది కూడా నూటికి నూరు వద్దు. స్ట్రెంత్ (గీత వైపు ఎంతవరకు జరపాలన్నది) 50 నుంచి 60 శాతం మధ్య పెట్టి వినండి. రికార్డు చేస్తున్నప్పుడే సరిచేసే ఇన్‌పుట్ క్వాంటైజ్‌ను ఆఫ్ చేసి ఉంచండి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో దానితో అసలు టైమింగ్ తిరిగి రాదు. డప్పు బాగా తెలిసిన కళాకారుడు ప్యాడ్ మీద వాయిస్తే మాత్రం నేను క్వాంటైజ్ జోలికే పోను. ఆయన కొట్టిన టైమింగ్‌నే గ్రూవ్‌గా (నడకకు అచ్చుగా) తీసుకుని మిగతా వాయిద్యాలను దానికి సర్దుతాను. క్యూబేస్, లైవ్, లాజిక్ మూడింటిలోనూ గ్రూవ్ తీసుకునే వీలుంది.

"నడిమిట్ల నుంచి పెడితే శ్రుతి వినవడతలేదు"

పాట మొదట్లో నొక్కిన పొడుగాటి నోటు చివరిదాకా మోగాలి. మీరు మూడో చరణం దగ్గర ఓవర్‌డబ్ మొదలుపెడితే, నోటు మొదలైన కబురు దాటిపోయి ఉంటుంది కాబట్టి వాయిద్యం పలకదు. సెట్టింగుల్లో మిడి చేజ్ (ముందే మొదలై సాగుతున్న నోట్లను పట్టుకునే ఆప్షన్) ఆన్ చేయండి. ఎఫ్ఎల్‌లో అయితే కత్తిరించిన నోట్లను కూడా వాయించే ఆప్షన్ ప్రాజెక్ట్ సెట్టింగుల్లో ఉంటుంది. లేదా ఆ నోటును చరణానికొకటి చొప్పున ముక్కలు చేయండి.

"టెంపో మార్చినంక గొంతు ఒక దిక్కు, మ్యూజిక్ ఒక దిక్కు"

మిడి బార్ల లెక్కన కూర్చుంటుంది, రికార్డు చేసిన గొంతు సెకన్ల లెక్కన కూర్చుంటుంది. టెంపో 100 నుంచి 104 చేస్తే నిమిషం మ్యూజిక్ 57.7 సెకన్లలో అయిపోతుంది, గొంతు మాత్రం నిమిషమే నడుస్తుంది. వెంటనే పాత టెంపోకు తిరిగి వెళ్లండి. నిజంగానే వేగం పెంచాలంటే గొంతు క్లిప్‌లను టెంపోతో పాటు సాగే పద్ధతికి మార్చి ఆ తర్వాతే టెంపో ముట్టుకోండి. నాలుగైదు శాతం దాటితే గొంతు సహజత్వం పోతుంది, మళ్లీ పాడించడమే మంచిది.

క్లిక్ (తాళం చెప్పే టిక్ టిక్ శబ్దం) లేకుండా పాడిన పాటకు దీని ఉల్టా చేయాలి. పెద్దవయసు గాయకులను క్లిక్‌కు కట్టేసి పాడించడం నాకిష్టం ఉండదు. వాళ్ల పాటను అలాగే పాడనిచ్చి, ప్రతి బారు మొదటి దెబ్బ దగ్గర టెంపో మార్కర్ పెట్టుకుంటూ పోండి. గ్రిడ్ ఆ గొంతు వెంట నడుస్తుంది. మార్కర్లు పెట్టేటప్పుడు గొంతు క్లిప్ మాత్రం సెకన్ల లెక్కలోనే ఉండాలి, లేకుంటే ప్రతి మార్కర్‌కూ అది సాగిపోతుంది. అన్నీ పెట్టడం అయ్యాక క్లిక్ ఆన్ చేసి గొంతుతో కలిపి మొత్తం ఒకసారి వినండి. క్లిక్ ఎక్కడ తప్పితే అక్కడ మార్కర్ సరిచేసి, అప్పుడు మిడి పొరలు మొదలుపెట్టండి.