చేతికర్రకు తొడిగిన బల్లెపు అలుగు వదులైతే: లక్షణం, కారణం, పరిష్కారం

అడవి అంచు పొలాలకు, కొండదారులకు వెళ్ళేవారు తమ చేతికర్రకు కమ్మరి చేసిన ఇనుప మొనను, అంటే అలుగును, తొడిగి బల్లెంగా మార్చుకొని, కొన్నాళ్ళకు నా దగ్గరకు తెచ్చే ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒకటే: అలుగు కదులుతోంది. తెచ్చేసరికే దానికి రెండు మూడు మేకులు దిగి ఉంటాయి, పైన ఇనుపతీగ చుట్టి ఉంటుంది. శీల తీసి, అలుగును ఊడదీసి, లోపలి కర్ర కొస ఎలా ఉందో వెలుగులో చూసినవారు మాత్రం చాలా అరుదు. ఈ వ్యాసంలోని ప్రతి సమస్యకూ మొదటి పని అదే. కొసను చూడకుండా కొట్టిన ప్రతి మేకూ మరమ్మతును మరింత కష్టం చేస్తుంది.

ఇక్కడ చెప్పేది కర్ర కొస దూరే గొట్టం ఉన్న అలుగు గురించి. గొట్టం నోరు సుమారు 30 మిల్లీమీటర్లు, లోతు కనీసం నాలుగు అంగుళాలు ఉన్నదనుకొంటున్నాను. ఒకదానిలోకి ఒకటి జారే అల్యూమినియం ట్రెక్కింగ్ కర్రను బల్లెంగా మార్చే ఆలోచన మానుకోవాలి. ఆ కర్ర బిగింపులు నడిచేవారి బరువును ఆపటానికి చేసినవే కాని, పొడిచినప్పుడు తగిలే దెబ్బకు, మెలికకు నిలిచేవి కావు. కత్తిని తాడుతో కర్ర కొసకు కట్టటమూ అంతే. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, కత్తి పిడి తిరిగిపోతుంది, చివరకు అటు కత్తీ ఇటు కర్రా రెండూ అక్కరకు రావు.

పనిముట్లు తీయకముందే తేల్చుకోవలసిన విషయం మరొకటి ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి ఏ ఆయుధంతోనైనా వెళ్ళాలంటే ముందుగా రాతపూర్వకమైన అనుమతి ఉండాలి. జాతీయ ఉద్యానాలకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది కనుక నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలోకి గాని, శేషాచలంలోని శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానంలోకి గాని ఆ అనుమతి లేకుండా బల్లెం పట్టుకొని వెళ్ళరాదు. ప్రాణరక్షణ కోసం సద్బుద్ధితో జంతువును గాయపరచటం నేరం కాదని అదే చట్టం 11వ సెక్షన్ చెబుతుంది. అయితే ఆ సమయానికి ఆ మనిషి చట్టాన్ని ఉల్లంఘిస్తూ ఉంటే ఈ రక్షణ వర్తించదని కూడా అక్కడే ఉంది. 2023లో అలిపిరి కాలిబాటలో చిరుత ఒక పసిపిల్లను చంపిన తరువాత తిరుమల తిరుపతి దేవస్థానం నడిచివచ్చే భక్తులకు ఇచ్చినది చేతికర్ర మాత్రమే. అలుగు తొడిగిన కర్రకు చోటు మన సొంత పొలం, తోట, పశువుల దొడ్డి.

లక్షణం: అలుగు అన్ని వైపులకూ సమానంగా ఊగుతుంది

దీనికి కారణం చెక్కడంలోని లోపం. గొట్టం నోటి దగ్గర పెద్దదిగా, లోపలికి పోయేకొద్దీ సన్నంగా ఉంటుంది. కర్ర కొసను అదే వాలులో చెక్కకపోతే అది నోటి అంచునో, అట్టడుగునో మాత్రమే తాకి మిగిలిన చోట గాలిలో ఉంటుంది. గొట్టం లోపల దీపపు మసి పూసి, కొసను దూర్చి, తిప్పకుండా బయటకు తీయండి. మసి అంటిన చోటే ఇనుము తాకుతోంది కనుక అక్కడ ఆకురాయితో కొద్దికొద్దిగా రాయాలి. నాలుగు అంగుళాల పొడవునా మసి మరకలు పడేదాకా ఇదే పని మళ్ళీ మళ్ళీ చేయాలి. కొసకూ గొట్టం అడుగుకూ మధ్య 5 మిల్లీమీటర్ల ఖాళీ వదిలితే రేపు కర్ర మరికొంత లోపలికి దిగటానికి చోటు ఉంటుంది.

లక్షణం: అలుగు ఒక దిశలోనే ఊగుతుంది, తడిస్తే బిగుస్తుంది, ఎండకు మళ్ళీ వదులవుతుంది

నన్ను బాగా దెబ్బతీసిన కారణం ఇదే, ఎక్కువమంది మోసపోయేదీ ఇక్కడే. కొయ్య ఆరేటప్పుడు పొడవునా దాదాపు తగ్గదు, అడ్డంగా ముడుచుకొంటుంది. పచ్చికర్ర పూర్తిగా ఆరేసరికి వలయాల వెంట నూటికి 6 నుంచి 10 వంతులు, కేంద్రం నుంచి అంచుకు పోయే దిశలో 3 నుంచి 5 వంతులు తగ్గుతుంది. ఈ రెండూ సమానం కాకపోవటం వల్ల గుండ్రంగా చెక్కిన కొస ఆరిన తరువాత కోలగా మారుతుంది. అందుకే అలుగు ఒక దిశలో గట్టిగా ఉండి, మరొక దిశలో ఆడుతుంది. ఆరినట్లు కనిపించే కర్ర కూడా వానాకాలపు తేమను పీల్చుకొని ఉంటుంది. భాద్రపదంలో బిగించిన 30 మిల్లీమీటర్ల కర్ర ఫాల్గుణానికి అర మిల్లీమీటరు వరకు తగ్గగలదు, అలుగు కదలటానికి అంతమాత్రం చాలు.

అసలు ప్రమాదం దీనికి అందరూ చేసే వైద్యంలో ఉంది. కర్ర కొసను అలుగుతో సహా రాత్రంతా నీళ్ళతొట్టిలో నిలబెడతారు. తెల్లవారేసరికి అది రాయిలా బిగుసుకొంటుంది, సమస్య తీరిందనిపిస్తుంది. నేనూ అలాగే అనుకొన్నాను. చిరుమాను కర్ర ఒకదానిని ఒకే శీతకాలంలో మూడుసార్లు నానబెట్టాను. నానిన కొయ్య ఉబ్బాలి, చుట్టూ ఉన్న ఇనుము మాత్రం సాగదు. కనుక కొయ్యలోని నారలే లోలోపల నలిగి అణగిపోతాయి. ఒకసారి అణగిన నార ఆరిన తరువాత పాత కొలతకు తిరిగిరాదు, కొస మునుపటికంటే సన్నబడుతుంది. నానబెట్టిన ప్రతిసారీ బిగువు వచ్చినట్లే వచ్చి, ఆరిన ప్రతిసారీ వదులు పెరుగుతూ పోయింది. చివరకు ఎండాకాలపు మొదట్లో పొలం గట్టున ఉన్న చెదపుట్టలో పొడిచి లాగితే అలుగు పుట్టలోనే ఉండిపోయి, ఉత్త కర్ర చేతికి వచ్చింది. శీల ఉన్నా అది నలిగిన కొయ్యను చీల్చుకొంటూ బయటపడింది. ఎలుగుబంట్లు చెదల కోసం తవ్వే పుట్ట అది, వేళ కూడా మునిమాపు. ఆ రోజు నుంచి నానబెట్టిన కర్రను ఎవరు తెచ్చినా కొస కోయకుండా మరమ్మతు చేయలేదు.

కోయటమే దీనికి మందు. నలిగిన నాలుగు అంగుళాలనూ కోసి పారేయాలి. కర్ర పొట్టిదవుతుందని చాలామంది ఒప్పుకోరు, కాని నలిగిన కొయ్యపై ఏ శీలా నిలవదు. తరువాత కర్రను నీడలో పడుకోబెట్టి వారం వారం తూచండి, కిరాణా కొట్టు తూనిక చాలు. వరుసగా రెండు వారాలు బరువు తగ్గకపోతే కర్ర ఆరినట్టే. అప్పుడు మసి పద్ధతిలో కొత్త కొసను చెక్కి, గొట్టాన్ని వేడిచేసి, ఇటుకపొడి కలిపిన లక్కను కరగపోసి, కర్రను దూర్చాలి. కత్తి పిడులకు మనవాళ్ళు వాడే లక్కే ఇది. ఇది సందులను నింపుతుంది, కొసలోకి తేమ దిగకుండా అడ్డుకొంటుంది కూడా. కర్రను తలకిందులుగా, అలుగు గాలిలో వేలాడేలా పట్టుకొని, కర్ర రెండో కొస (మడమ) మీద కొయ్య సుత్తితో కొట్టితే అలుగు తన బరువుతోనే బిగుస్తుంది. అలుగు మీద కొడితే మొన పాడవుతుంది. లక్క చల్లారిన తరువాత శీల బెజ్జాన్ని బరమాతో గొట్టం నోటికి దగ్గరగా వేయండి. అప్పుడు బెజ్జానికీ కొసకూ మధ్య ఎక్కువ కొయ్య మిగిలి, లాగినప్పుడు చీలకుండా ఆపుతుంది. లక్క పట్టవలసిన చోట నూనె తగలనీయకుండా, మిగిలిన కర్రకు అవిసె నూనె పట్టించండి. కొబ్బరినూనె ఆరి పొరకట్టదు, పట్టుకొనే చోట జారుడు మిగులుస్తుంది.

వెదురు కర్రకు నీళ్ళ విషయంలో వేరే మాట ఉంది. కొట్టిన వెంటనే నీళ్ళలో ఊరవేస్తే పుచ్చుపురుగుకు ఆహారమైన పిండిపదార్థం బయటకు పోతుంది కనుక అది మంచిదే. అయితే ఆ తరువాత పూర్తిగా ఆరాలి, అలుగు తొడిగాక మళ్ళీ నీళ్ళు చూపకూడదు.

లక్షణం: గొట్టం దగ్గర కర్ర చీలుతుంది

బెజ్జం వేయకుండా మేకు కొట్టటమే దీనికి కారణం, ముఖ్యంగా వెదురులో. లోపల డొల్ల లేని సాధనపు వెదురునే ఎంచుకొని, గొట్టం నోటికి కాస్త దిగువన కణుపు వచ్చేలా కోయండి. చీలిక కణుపు దాకా వచ్చి ఆగే అవకాశం ఎక్కువ. కింద నేలను తాకే కొసకు రోకలికి వేసినట్లు పొన్ను వేయించి, అలుగును పై కొసకే తొడిగి దానికి తోలు ఒర కప్పండి. అలుగును కిందికి పెట్టి ఊతకర్రగా వాడితే రాళ్ళ మీద మొన మొద్దుబారుతుంది, కర్ర కొస నిత్యం తడుస్తుంది, కాలు జారినప్పుడు సొంత పాదానికే ప్రమాదం.

అలుగు లేకుండా కర్ర మొననే నిప్పులో కాల్చి వాడేవారికి మొన రాలిపోతుంటే కారణం ఆ కాల్చటమే. కాల్చిన కొయ్య కొద్దిగా గట్టిపడినా బాగా పెళుసవుతుంది. జర్మనీలోని షోనింగన్‌లో 1990లలో బయటపడిన అతి ప్రాచీనమైన కొయ్య బల్లేలలో మొనను కాండపు నడిబెండు మీద కాక దానికి పక్కగా, గట్టి కొయ్యలో చెక్కారు. మీరూ అలాగే చెక్కండి.

గొట్టం అతుకు విచ్చటం, తుప్పు తినటం, పురుగు పట్టి పొడి రాలటం అరుదు. మొదటి రెండింటికి కమ్మరి దగ్గరకు వెళ్ళాలి, మూడోదానికి కర్ర మార్చాలి. బిగింపు పూర్తయిన రోజున గొట్టం నోటి అంచు వెంట కర్ర మీద పెన్సిల్‌తో గీత గీసి, బయటకు వెళ్ళే ముందు ప్రతిసారీ చూసుకోండి. గీతకూ ఇనుముకూ మధ్య వెంట్రుకవాసి సందు కనిపించినా ఆ రోజు ఆ కర్రను ఇంట్లోనే ఉంచి, శీల తీసి కొసను చూడండి.