ఎన్‌జీసీ 6752 గుచ్ఛంలో తారల రసాయన భేదాన్ని గుర్తించే విధానం

తిరుపతి, చిత్తూరు కళాశాలల్లో భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు సొంత టెలిస్కోపు లేకపోయినా, హబుల్ అంతరిక్ష టెలిస్కోపు కొలతల సాయంతో, ఒకే గోళాకార తారాగుచ్ఛంలోని (బంతి ఆకారంలో గుమిగూడిన తారల గుంపులోని) తారల మధ్య ఉన్న రసాయన భేదాన్ని తామే గుర్తించవచ్చు. తిరుపతికి కొండలు ఉత్తరాన ఉండడంతో దక్షిణాకాశం తెరపిగా ఉంటుంది. ఏప్రిల్, మే రాత్రుల్లో ఊరి దీపాలు దాటి వెళ్తే, దక్షిణాన సుమారు 29 డిగ్రీల ఎత్తుకు వచ్చే ఒమేగా సెంటారీ అనే గోళాకార గుచ్ఛం బైనాక్యులర్‌లో మసక మచ్చలా కనబడుతుంది. అయితే అభ్యాసానికి దాన్ని ఎంచుకోకండి. దానిలో ఇనుము పాళ్లు కూడా తారకూ తారకూ మారతాయి కాబట్టి, ఏ తేడా దేనివల్ల వచ్చిందో తేల్చడం కష్టం. సుమారు 13,000 కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 6752 ఇందుకు అనువైనది: ఇనుము దాదాపు అంతటా సమానం, దారిలో దుమ్ము తక్కువ.

హగ్స్ అనే హబుల్ కొలతల ఉచిత పట్టికలో ఈ గుచ్ఛం ఫైలును దించుకొని, 275, 336, 438, 814 నానోమీటర్ల ఫిల్టర్ల ప్రకాశాంకాలను (తార ఎంత మసకగా ఉంటే ఈ అంకె అంత పెద్దది) ఉంచుకోండి. కొలత దొరకని చోట అసంభవమైన అంకె ఉంటుంది. ఆ వరుసలను ముందే తీసేయాలి. స్వీయచలనాన్ని (ఆకాశంలో తార మెల్లగా జరిగే తీరును) బట్టి గుచ్ఛానికి చెందినవని 90 శాతానికి పైగా నమ్మకం ఉన్న తారలనే మిగల్చండి. ఎక్సెల్ చాలు, పైథాన్ వస్తే పని త్వరగా తెములుతుంది.

అసలు మెలకువ పోలికలో ఉంది. వేడి, వయోదశ వేరైన తారలను పక్కపక్కన పెడితే రంగు తేడా సహజంగానే వస్తుంది. అందువల్ల అరుణ మహాతారల (వయసు మళ్లి ఉబ్బిన ఎర్రని తారల) పాయను మాత్రమే తీసుకొని, 814 ఫిల్టరులో సమాన ప్రకాశం ఉన్నవాటినే పోల్చాలి. ప్రతి తారకూ 275 అంకెకు 438 అంకెను కలిపి, 336 అంకెకు రెట్టింపును తీసివేయండి. ఊహించిన అంకెలతో చూస్తే, 275, 336, 438 ఫిల్టర్లలో వరుసగా 17.60, 15.90, 15.80 ఉన్న తారకు 1.60 వస్తుంది, 17.52, 15.98, 15.77 ఉన్నదానికి 1.33 వస్తుంది. నైట్రోజన్ ఎక్కువైన తారలో ఎన్‌హెచ్ (నైట్రోజన్-హైడ్రోజన్) అణువులు 336 వద్ద కాంతిని మింగడంతో ఆ అంకె పెరుగుతుంది. ఆక్సిజన్, కార్బన్ తక్కువ కావడంతో ఓహెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్), సీహెచ్ (కార్బన్-హైడ్రోజన్) అణువులు కాంతిని మింగే పట్టీలు బలహీనపడి మిగిలిన రెండు అంకెలూ తగ్గుతాయి. ఈ మూడు మార్పులూ ఫలితాన్ని ఒకే దిశలో, అంటే కిందికి లాగుతాయి; అందుకే ఈ లెక్క ఇంత పదునైనది.

ఈ ఫలితాన్ని అడ్డంగా, 814 ప్రకాశాన్ని నిలువుగా గీస్తే పాయ చీలి కనిపిస్తుంది. తక్కువ విలువల వైపున్న తారల్లో సోడియం ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ అని వర్ణపటాలు చెబుతాయి. ఆ సోడియాన్ని ఆ తారలే తయారుచేసుకున్నాయనుకోకూడదు: నియాన్ సోడియంగా మారడానికి కోట్ల డిగ్రీల వేడి, సూర్యగర్భంలోని 1.5 కోట్ల డిగ్రీల కంటే చాలా ఎక్కువ, కావాలి. పైగా ఇంకా మహాతార దశకు చేరని తారల్లోనూ ఇదే తేడా ఈ గుచ్ఛంలోనే 2001లో బయటపడింది. అంటే ఆ పదార్థం అవి పుట్టేనాటికే, లేదా పుట్టిన కొత్తలోనే, బయటినుంచి చేరింది. భారీ తారలు, మధ్యస్థ ద్రవ్యరాశి తారలు అంటూ ప్రతిపాదించిన మూలాలేవీ అన్ని కొలతలనూ వివరించలేకపోతున్నాయి.

చివరగా చీలిక మధ్య విభజన గీత గీసి రెండు వైపులా తారలను లెక్కిస్తే, ఎక్కువ విలువల వైపున్న, మామూలు రసాయన కూర్పు గల తారలు సుమారు 30 శాతం రావాలి. మీ లెక్క బాగా తేడా వస్తే ముందుగా విభజన గీతను, ఆ తర్వాత కొలత దోషాలను సరిచూడండి. హబుల్ చూసింది గుచ్ఛం నడిభాగాన్ని మాత్రమే కాబట్టి, ఆ శాతాన్ని గుచ్ఛం మొత్తానికి అన్వయించకండి.