‘బ్రెద్రెన్’ అనే మాటను ఎలా అర్థం చేసుకోవాలి, ఎక్కడ వాడాలి?

1836లో ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నరసాపురం ప్రాంతంలో మొదలుపెట్టిన క్రైస్తవ మిషన్ వల్ల, గోదావరి జిల్లాలవారికి ‘బ్రదరన్ సంఘం’ అనే పేరు పరిచయమే. ఆ పేరులోని ఇంగ్లీషు మాట ‘బ్రెద్రెన్’. అది ‘బ్రదర్’కు పాతకాలపు బహువచనం.

ముందుగా మాట రూపాన్ని గమనించాలి. ‘చిల్డ్రెన్’, ‘ఆక్సెన్’ లాగే ఇదీ ‘ఎన్’తో ముగిసే బహువచనం కనుక, చివర మళ్లీ ‘స్’ చేర్చి ‘బ్రెద్రెన్స్’ అనకూడదు.

తరువాత, పాత గ్రంథంలో ఈ మాట కనిపిస్తే అక్కడ ఉన్నవారి వరస ఏమిటో చూసుకోవాలి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో అబ్రాము లోతుతో మనం బ్రెద్రెన్ కదా, మనలో మనకు తగవెందుకు అంటాడు. లోతు అతని తోడబుట్టినవాడు కాడు, అన్నదమ్ముని కొడుకు. మన లెక్కలో అతనికీ కొడుకు వరసే. వరసల విషయంలో పట్టింపు ఎక్కువైన తెలుగులో దీనిని ‘అన్నదమ్ములం’ అంటే పొసగదు కాబట్టే, మన బైబిల్లో ‘బంధువులము’ అని ఉంది. అది సరైన ఎంపిక.

ఇక సొంతంగా వాడేటప్పుడు జాగ్రత్త అవసరం. నా బ్రెద్రెన్ ఇద్దరూ హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నారని ఇంగ్లీషులో చెబితే అది పౌరాణిక నాటకంలోని సంభాషణలా వినిపిస్తుంది. ఇంట్లోవారికి ‘బ్రదర్స్’ చాలు. చర్చిలోను, ఫ్రీమేసన్లు అనే సోదర సంఘంవారి సమావేశాల్లోను, ఒకే వృత్తివారిని కాస్త హాస్యంగా ప్రస్తావించేటప్పుడు మాత్రం ఈ మాట ఇప్పటికీ చెల్లుతుంది. ఇంగ్లండులో ఓడలకు దారి చూపే దీపస్తంభాల (లైట్‌హౌస్‌ల) నిర్వహణ చూసే ట్రినిటీ హౌస్‌కు 1514లో ఎనిమిదవ హెన్రీ రాజశాసనం ఇచ్చాడు. దాని సభ్యులను నేటికీ ‘ఎల్డర్ బ్రెద్రెన్’, ‘యంగర్ బ్రెద్రెన్’ అనే పిలుస్తారు. అవి హోదాలే కాని, అన్నలూ తమ్ముళ్లూ కారు.

స్త్రీలు కూడా ఉన్న సభలో ఈ సంబోధనను మానుకోవడం మేలు. 1989లో వచ్చిన న్యూ రివైజ్డ్ స్టాండర్డ్ బైబిల్ అనువాదం, సంఘమంతటినీ పిలిచే చోట్ల ‘బ్రదర్స్ అండ్ సిస్టర్స్’ అనే రాసింది.

చివరగా ఒక మినహాయింపు. జమైకాలోని రాస్తాఫారీ మతస్థుల నోట, వారి వలన లండన్ కుర్రకారు నోట, ఈ మాట ఒక్క స్నేహితునికి కూడా వర్తిస్తుంది. అక్కడ ఏకవచనంలో వినబడినా తప్పని దిద్దనక్కరలేదు.